బావి తవ్వాక చమురు, గ్యాస్ ఎప్పుడు వస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఇల్లు, కావేరీ డెల్టాలో పని. చమురు, గ్యాస్ బావులను తవ్వకం నుంచి ఉత్పత్తి దాకా తీసుకెళ్ళే పనిలో ఉన్నాను. వేళచ్చేరి, పెరంబూరు వైపు ఉండే మన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు ఈ లైన్లో చేరుతున్నారు. కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళకి ఊళ్ళో తమ పొలం పక్కనే బావి ఉంటుంది. వాళ్ళందరూ అడిగే సందేహాలు దాదాపు ఒకటే. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమవుతుంది.

## తవ్వకం అయిపోయాక

బావి తవ్వేశారు, చమురు పడిందన్నారు. మరి ఇంకా ఎందుకు రావట్లేదు?

తవ్వేటప్పుడు చమురు రాకుండా చూసుకోవడమే అసలు పని కాబట్టి. బావి నిండా మడ్, అంటే బరువైన బురద ద్రవం ఉంటుంది. దాని బరువు కింద చమురున్న రాతి పొరలోని ప్రెషర్ కంటే ఎక్కువ ఉండేలా కలుపుతారు. ఒక లెక్క చూడండి. మూడు వేల మీటర్ల నీటి కాలమ్ అడుగున దాదాపు 300 కేజీల ప్రెషర్ పెడుతుంది. ఇక్కడ కేజీ అంటే చదరపు సెంటీమీటరుకు కేజీ. నీటికి 1.2 రెట్లు బరువున్న మడ్ అయితే అదే లోతులో 360 కేజీలు. పొరలో 310 ఉందనుకుంటే అది పైకి రాలేదు, రాకూడదు కూడా. తవ్వకం అయ్యాక కేసింగ్ అనే ఇనుప పైపు దించి, దాని చుట్టూ సిమెంట్ చేస్తారు. అప్పటికి చమురుకీ బావికీ మధ్య ఇనుము, సిమెంటు కూడా అడ్డుగా నిలుస్తాయి. ఆ అడ్డులన్నీ ఒక పద్ధతిలో, మన అదుపు తప్పకుండా తీసెయ్యడమే కంప్లీషన్, యాక్టివేషన్. పేపర్లో 'చమురు పడింది' అని వార్త వచ్చే నాటికి ఈ పని చాలావరకు మొదలై కూడా ఉండదు.

నీళ్ళ బోరులాగా మోటారు దించేస్తే సరిపోదా?

కొత్త బావిలో చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. బోరులో నీటిని మనం తోడాలి. ఇక్కడ పొరలోని ప్రెషరే చమురును పైకి తోస్తుంది, మనం దారి ఇచ్చి పగ్గం పట్టుకోవాలి. ప్రెషర్ తగ్గిన బావులకు పంపులు పెడతారు, కానీ కొత్త బావి సొంత బలం ఎంతో తెలుసుకోకుండా పంపు సైజు ఎంచడం కుదరదు.

కేసింగ్ వెనక సిమెంట్ సరిగ్గా పట్టిందని ఎలా తెలుస్తుంది?

సీబీఎల్, వీడీఎల్ అనే లాగ్ తీస్తారు. లాగ్ అంటే బావిలోకి పరికరం దించి, లోతు వెంట తీసిన కొలతల గీత. పరికరం శబ్ద తరంగాలు పంపుతుంది. కేసింగ్‌కు సిమెంట్ గట్టిగా అంటుకున్నచోట తిరిగొచ్చే తరంగం బలహీనంగా ఉంటుంది, వదులుగా ఉన్నచోట ఖాళీ పైపులా గట్టిగా మోగుతుంది. ఆ తర్వాత ప్రెషర్ టెస్టు. లోపలి నుంచి ప్రెషర్ పెట్టి నిలుస్తుందో లేదో చూస్తారు. అవసరమైనచోట నెగటివ్ టెస్టు కూడా చేస్తారు. అంటే లోపలి ప్రెషర్ తగ్గించి, బయటి నుంచి ఏదైనా కారుతోందా అని గమనిస్తారు.

ఈ నెగటివ్ టెస్టు దగ్గర నేను ఎవరినీ తొందరపడనివ్వను. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో మకాండో బావి పేలి పదకొండు మంది చనిపోయారు. ఆ రోజు నెగటివ్ టెస్టులో ప్రెషర్ తేడా కనిపించింది. దానికి ఏదో కారణం చెప్పుకుని, టెస్టు పాసైందనుకుని ముందుకు వెళ్ళారు. గేజ్ మన అంచనాకు భిన్నంగా చూపిస్తే పని ఆపాలి. ముందు గేజ్ నిజమే చెబుతోందనుకుని కారణం వెతకాలి.

కేసింగ్ ఉంది కదా, దాని లోపల మళ్ళీ ట్యూబింగ్ ఎందుకు?

కేసింగ్ బావి ఆయుష్షంతా ఉండాల్సింది, బాగుచేయడం కష్టం. ట్యూబింగ్ తుప్పుపట్టినా, ఇసుకకు అరిగినా బయటికి తీసి మార్చవచ్చు. రెండున్నర, మూడున్నర అంగుళాల ఆ సన్నటి పైపులో ప్రవాహం వేగంగా ఉంటుంది. దాంతో గ్యాస్ తనతో పాటు ద్రవాన్ని కూడా పైకి మోసుకొస్తుంది. వెడల్పు ఎక్కువైతే ద్రవం కిందికి జారి అడుగున పేరుకుని, ప్రవాహం ఆగిపోతుంది. ట్యూబింగ్ అడుగున ప్యాకర్ వేసి, కేసింగ్‌కూ ట్యూబింగ్‌కూ మధ్య ఖాళీని మూసేస్తారు. పైన కేసింగ్ ప్రెషర్ గేజ్ కారణం లేకుండా పెరిగిందంటే ప్యాకర్ గానీ ట్యూబింగ్ గానీ లీకవుతోందని అనుమానించాలి.

క్రిస్మస్ ట్రీ అంటే ఏమిటి? మా పొలం పక్కన కనిపించేది అదేనా?

అదే. వాల్వులు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు, పక్కకు చేతులు చాచినట్టు ఉంటుంది. కింద రెండు మాస్టర్ వాల్వులు, పక్కన వింగ్ వాల్వు, పైన పరికరాలు దించడానికి స్వాబ్ వాల్వు. వింగ్ దాటాక బీన్ ఉంటుంది, అంటే ప్రవాహాన్ని అదుపుచేసే చిన్న రంధ్రమున్న లోహపు ముక్క. రోజూ తెరిచి మూసేది వింగ్ వాల్వే. కింది మాస్టర్‌ను వీలైనంత వరకు ముట్టుకోరు. అది చెడితే ట్రీలో దాని కింద మూయడానికి ఇంకో వాల్వు ఉండదు. మీ పొలం పక్కన ఉంటే కంచె దాటి వెళ్ళకండి, పిల్లల్ని కూడా ఆడుకోనివ్వకండి. అది నిశ్శబ్దంగా ఉన్నా లోపల ప్రెషర్ ఉంటుంది.

## పెర్ఫొరేషన్

బావిలోకి తుపాకీ దించి కాలుస్తారట, నిజమేనా?

నిజమే, దాన్ని గన్ అనే అంటారు. కేసింగ్‌కు, సిమెంటుకు రంధ్రాలు చేసి పొరకు దారి తెరవడమే పెర్ఫొరేషన్. అయితే అందులో తూటాలు ఉండవు, షేప్డ్ చార్జీలు ఉంటాయి. శంకువు ఆకారంలో లోహపు పొర, దాని వెనక పేలుడు పదార్థం. పేలినప్పుడు ఆ లోహం సన్నటి ధారగా మారి సెకనుకు కొన్ని వేల మీటర్ల వేగంతో కేసింగ్‌ను, సిమెంటును చీల్చుకుని రాతిలోకి దూసుకెళ్తుంది. కేసింగ్‌లో పడే రంధ్రం వేలు కూడా పట్టనంత చిన్నది. రాతిలో దారి మాత్రం అడుగు, రెండడుగుల లోతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పోతుంది.

పేల్చే ముందు బావిలోని ప్రెషర్ పొర ప్రెషర్ కంటే కొంచెం తక్కువ ఉంచడం మంచిది. అప్పుడు పేలిన క్షణమే పొర నుంచి లోపలికి ఒక ఊపు వచ్చి, రంధ్రాల్లో నలిగిన రాతి పొడి బయటికి కొట్టుకొస్తుంది. బరువైన మడ్‌లోనే పేలిస్తే ఆ పొడి, మడ్ కలిసి రంధ్రాలకు మూతలా బిగుసుకుంటాయి.

మూడు కిలోమీటర్ల లోతులో సరిగ్గా ఆ పొర దగ్గరే కాల్చారని నమ్మకం ఏంటి?

కేబుల్ పొడవు ఒక్కటే నమ్ముకోరు, అది సాగుతుంది. గన్‌తో పాటు రాతి సహజ రేడియేషన్‌ను చదివే గామా రే పరికరం, పైపు జాయింట్లను పట్టే కాలర్ లొకేటర్ దించుతారు. కేసింగ్ పైపులు ఒకదానితో ఒకటి కలిసే ప్రతి జాయింటు దగ్గరా లొకేటర్ గీత ఒక్కసారి ఎగిరిపడుతుంది. పైపులన్నీ ఇంచుమించు ఒకే పొడవు కాబట్టి ఆ ఎగుర్లు సమాన దూరంలో వస్తాయి. అందుకే పొరకు దగ్గరలో కావాలని ఒక పొట్టి పైపు పెడతారు. స్క్రీన్ మీద రెండు ఎగుర్లు దగ్గరదగ్గరగా రాగానే లాగింగ్ ఇంజినీరు వేలు పెట్టి చూపిస్తాడు: ఇదిగో, పొట్టి పైపు ఇక్కడుంది. పాత లాగ్‌తో పక్కపక్కన పెట్టి సరిచూసి, తేడా ఉంటే కేబుల్ సర్ది, ఇద్దరు సంతకాలు పెట్టాకే పేలుస్తారు. రెండు మీటర్లు కిందికి జరిగితే చమురు బదులు నీటి పొర తెరుచుకోవచ్చు.

రిగ్ మీద ఉన్న మా అబ్బాయి ఫోన్ ఒక్కోరోజు పూర్తిగా స్విచాఫ్ వస్తుంది. ఏమైనా జరిగిందా?

టెన్షన్ పడకండి. పెర్ఫొరేషన్ రోజు ఫోన్లు, వైర్‌లెస్ సెట్లు ఆపేయిస్తారు. కరెంటుతో పేలే డిటొనేటర్ వాడితే రేడియో తరంగాల వల్ల ప్రమాదం ఉండొచ్చని ఆ నియమం. ఉరుములు మెరుపులు ఉంటే గన్ కలపరు, వాన తగ్గేదాకా ఆగుతారు. కారైకాల్, నాగపట్నం వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో ఈ నిరీక్షణ మామూలే. గంటలు గడిచినా ఫోన్ రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

## యాక్టివేషన్

పెర్ఫొరేట్ చేశారు, పైన గేజ్ సున్నా చూపిస్తోంది. బావి పోయినట్టేనా?

కాదు. ఈ ప్రశ్న అడిగే కుర్ర ఇంజినీర్ల గొంతులో దిగులు వినిపిస్తుంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. పొర ప్రెషర్ 270 కేజీలు, బావి నిండా నీళ్ళు, లోతు మూడు వేల మీటర్లు అనుకోండి. నీటి బరువే 300. పొర ఎంత మంచిదైనా పైకి తోయలేదు, గేజ్ సున్నా దగ్గరే ఉంటుంది. పై వెయ్యి మీటర్ల నీటిని తీసేస్తే అడుగున 200 మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు పొరకు 70 కేజీల ఆధిక్యం వచ్చింది, కదలాలి.

ఆ నీటిని తగ్గించడానికి దారులు మూడు. బరువైన ద్రవాన్ని తేలికైన దానితో మార్చడం మొదటిది. స్వాబింగ్ రెండోది: రబ్బరు కప్పులున్న పనిముట్టును తీగతో ట్యూబింగ్‌లోకి దించి, దాని పైనున్న ద్రవాన్ని విడతలుగా లాగడం. మూడోది కాయిల్డ్ ట్యూబింగ్‌తో నైట్రోజన్ పంపడం. చుట్టగా చుట్టిన సన్నటి ఉక్కు పైపును ట్యూబింగ్ లోపలికి దించుతూ నైట్రోజన్ వదులుతారు. బుడగలతో కలిసిన ద్రవం తేలికై పైకి వస్తుంది. గ్యాస్ కాల్చే గొయ్యి, అంటే ఫ్లేర్ పిట్ దగ్గర మొదట నీళ్ళు దఫదఫాలుగా పడతాయి. తర్వాత లైను ఆగి ఆగి ఊపిరి తీసినట్టు మోగుతుంది. నైట్రోజన్ ఆపేసినా ఆ మోత ఆగకుండా, గేజ్ ముల్లు కిందికి రాకుండా నిలబడితే బావి తనంతట తాను పారుతున్నట్టు.

అప్పటికీ కదలకపోతే పొర ఖాళీ అని వెంటనే రాసెయ్యకూడదు. రంధ్రాలు మూసుకుపోయి ఉండొచ్చు, లోతు తప్పి ఉండొచ్చు, మడ్ పొరలోకి చొరబడి ఉండొచ్చు. ఇవి ఒక్కొక్కటీ చూశాకే తీర్పు.

గాలి కంప్రెసర్ చవక కదా, నైట్రోజన్ ఖర్చు ఎందుకు?

గాలిలో ఆక్సిజన్ ఉంటుంది. బావిలోని గ్యాస్‌తో తగిన పాళ్ళలో కలిస్తే పైపులోపలే పేలవచ్చు. నైట్రోజన్ మండదు, మండనివ్వదు. దాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవంగా ట్యాంకర్లో తెచ్చి, బావి దగ్గర వాయువుగా మార్చి పంపుతారు. ఇక్కడ పొదుపు గురించి మాట్లాడేవారితో నేను ఏకీభవించను.

యాసిడ్ పోస్తే చమురు ఎక్కువ వస్తుందా?

బావి పక్కనే రాయి మూసుకుపోయి ఉంటే వస్తుంది. పొరలోనే పస లేకపోతే రాదు. సున్నపురాయికి హైడ్రోక్లోరిక్ యాసిడ్, మామూలుగా 15 శాతం. ఇసుకరాయికి దానిలో కొద్దిగా హైడ్రోఫ్లోరిక్ కలుపుతారు. హైడ్రోఫ్లోరిక్ ఒంటిమీద పడితే మొదట పెద్దగా మంట తెలియకపోయినా లోపలి దాకా దిగి ఎముకను తింటుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేచోట లేకుండా ఆ పని మొదలుపెట్టనివ్వకండి.

## మొదటి ప్రవాహం

ముందు ఏం వస్తుంది? ఆ మంట ఎందుకు, వృథా కాదా?

ముందు మనం నింపిన నీళ్ళు, తర్వాత మడ్ మురికి, నలిగిన రాతి పొడి, గ్యాస్ బుడగలు, ఆ వెనక చమురు. ఈ కలగలుపును పైపులైన్లోకి పంపితే అవతలి స్టేషన్లో పరికరాలు పాడవుతాయి. గ్యాస్‌ను కాల్చకుండా వదిలేస్తే అది వ్యాపించి ఎక్కడో నిప్పు అంటుకోవచ్చు. మీథేన్ వాతావరణానికి కార్బన్ డయాక్సైడ్ కంటే ఎక్కువ హాని కూడా. అందుకే కాలుస్తారు. మంటను వీలైనంత తక్కువ సమయానికి కుదించడం మాత్రం మన బాధ్యత. పక్క ఊరివాళ్ళకి ముందుగా చెప్పడం కూడా. రాత్రి ఆకాశం ఎర్రబడితే భయపడేది వాళ్ళే.

నీళ్ళు వస్తూనే ఉన్నాయి. ఇక చమురు రాదా?

అవి ఏ నీళ్ళో ముందు తేల్చాలి. మనం పోసిన నీళ్ళయితే కాసేపట్లో అయిపోతాయి, పొర నీళ్ళయితే ఆగవు. తేడా ఉప్పులో దొరుకుతుంది. శాంపిల్‌ను వడకట్టి, పొటాషియం క్రోమేట్ రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. తర్వాత సిల్వర్ నైట్రేట్‌ను చుక్కచుక్కగా వదలాలి. ముందు తెల్లటి మబ్బు కమ్ముతుంది. ఉప్పంతా తీరిపోగానే ఒక్క చుక్కకు ఇటుక ఎరుపు తిరుగుతుంది, కుదిపినా పోదు. ఎంత సిల్వర్ నైట్రేట్ పట్టిందో దాన్నిబట్టి ఉప్పు లెక్క. గంటగంటకూ ఇలా చేసి గ్రాఫ్ గీయండి. మనం పోసిన నీటి ఉప్పు దగ్గరే గీత ఉండి నీటి శాతం తగ్గుతుంటే ధైర్యంగా ఉండవచ్చు. గీత నెమ్మదిగా ఇంకో విలువ వైపు జరిగి అక్కడ స్థిరపడితే అది పొర నీరు. షెడ్డులో బల్ల మీద చేసే ఈ చిన్న పరీక్ష లక్షల రూపాయల నిర్ణయాన్ని మారుస్తుంది. శాంపిల్ సీసా మీద టైం రాయకుండా పంపేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధ.

పెద్ద బీన్ వేసి ఒకేసారి గట్టిగా వదిలితే బావి త్వరగా శుభ్రపడదా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివేటట్టయితే ఇది చదవండి. బీన్ అంటే లోపల నిర్ణీత సైజు రంధ్రం ఉన్న గట్టి లోహపు ముక్క. నాలుగు మిల్లీమీటర్లు, ఆరు, ఎనిమిది, ఇలా. చిన్న బీన్‌తో మొదలుపెట్టి, ప్రెషర్, ప్రవాహం నిలకడగా వచ్చాకే తర్వాతి సైజుకు వెళ్ళాలి.

పెద్ద బీన్ వేస్తే అడుగున ప్రెషర్ ఒక్కసారిగా పడిపోతుంది. మన కోస్తా ఇసుకరాళ్ళలో చాలావాటికి గింజల మధ్య పట్టు తక్కువ. ఆ ఊపుకు ఇసుక విడిపోయి ప్రవాహంలో కలుస్తుంది. అది బీన్‌నూ, వంపుల దగ్గర పైపునూ కోసేస్తుంది. రాతిలోని సన్నటి మట్టి రేణువులు కదిలి రంధ్రాల మెడ దగ్గర ఇరుక్కుంటాయి. కింద నీరు ఉంటే అది శంకువులా పైకి లేచి పెర్ఫొరేషన్లను అందుకుంటుంది. అలా ఒకసారి లేచిన నీటిని వెనక్కి పంపడం చాలా కష్టం. మొదటి రోజు పెద్ద అంకె చూపించాలన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. ఒక బావి దగ్గర పైనుంచి వచ్చిన ఫోన్‌కు తలొగ్గి ఒకే రాత్రిలో బీన్ మూడు మెట్లు పెంచారు. తెల్లారేసరికి గ్యాస్, చమురు, నీటిని విడదీసే సెపరేటర్లో ఇసుక, చేతిలో మంచి అంకె ఉన్న రిపోర్టు. తర్వాత ఆ బావి ఆ అంకె మళ్ళీ ఎన్నడూ ఇవ్వలేదు. ఇరవై ఏళ్ళు పారాల్సిన బావికి రెండు రోజుల ఓపిక పెద్ద లెక్క కాదు.

ఎండలో కూడా గ్యాస్ లైను మీద మంచు పడుతుందేంటి?

ఎక్కువ ప్రెషర్ గ్యాస్ బీన్ దాటి ఒక్కసారిగా విచ్చుకుంటే చల్లబడుతుంది. బయటి తేమ గడ్డకట్టడం కంటికి కనిపించేది. అసలు సమస్య లోపల: నీరు, గ్యాస్ కలిసి హైడ్రేట్ అనే గట్టి ముద్దగా మారి లైను మూసేస్తాయి. హీటర్ వాడతారు, లేదా మెథనాల్, గ్లైకాల్ ఎక్కిస్తారు. ముద్ద కట్టిందని ఒకవైపు ప్రెషర్ ఒక్కసారిగా వదిలితే అది తూటాలా దూసుకొస్తుంది. ఎప్పుడూ అలా చేయకండి.

రోజుకు ఇంత అని అంకె ఎలా చెబుతారు?

సెపరేటర్లో గ్యాస్, చమురు, నీరు విడిపోతాయి. గ్యాస్‌ను మధ్యలో రంధ్రమున్న ఆరిఫిస్ ప్లేటుతో కొలుస్తారు. ద్రవాన్ని ట్యాంకులోకి వదిలి, కొలత టేపు దించి మట్టం చూస్తారు. టేపు చివర రాసిన పేస్టు నీళ్ళున్నచోట రంగు మారుతుంది, కాబట్టి అడుగున ఎంత నీరుందో తెలుస్తుంది. ఒక బ్యారెల్ అంటే దాదాపు 159 లీటర్లు. ఏ బీన్ మీద, ఎంత ప్రెషర్ దగ్గర అని చెప్పకుండా ఎవరైనా 'రోజుకు ఇన్ని బ్యారెళ్ళు' అంటే ఆ అంకెకు విలువ లేదు.

బాగా వస్తున్న బావిని మళ్ళీ మూసేశారేంటి?

బిల్డప్ టెస్టు కోసం. అడుగున గేజ్ ఉంచి బావిని మూస్తే ప్రెషర్ తిరిగి ఎలా పెరుగుతుందో నమోదవుతుంది. పెరిగే తీరును బట్టి రాతిలో ప్రవాహం ఎంత సులువు, బావి చుట్టూ దెబ్బ ఎంత, దగ్గరలో అడ్డుగోడలాంటి ఫాల్ట్, అంటే రాతి పగులు ఉందా అన్నవి తెలుస్తాయి. మూసి ఉంచిన ఆ గంటలు దండగ కావు.

## ఉత్పత్తిలోకి, ఆ తర్వాత

టెస్టు పాసయింది, ఇంకా ఏళ్ళ తరబడి ఎందుకు ఆలస్యం?

నేల మీద, పక్కనే చుట్టుపక్కల బావుల నుంచి వచ్చేది పోగుచేసే గ్రూప్ గ్యాదరింగ్ స్టేషన్ ఉంటే ఒక లైను వేసి త్వరగానే కలిపేస్తారు. సముద్రంలో అలా కాదు. కృష్ణా గోదావరి బేసిన్ డీ6 బ్లాకులో గ్యాస్ కనుగొన్నది 2002లో, ఉత్పత్తి మొదలైంది 2009 ఏప్రిల్లో. పక్కనున్న ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో మొదటి చమురు 2024 జనవరిలో వచ్చింది. లోతు సముద్రంలో బావి మూతి దగ్గర ఉండే వెల్‌హెడ్‌లు, లైన్లు, ప్రాసెసింగ్ ఓడ, ఒడ్డున టెర్మినల్ అన్నీ సిద్ధమైతేనే వాల్వు తెరవగలరు.

మణలిలో రిఫైనరీ ఉంది కదా, చెన్నైలో బావులు ఉన్నాయా?

లేవు. మణలిలో శుద్ధి చేసేది ఎక్కువగా ఓడల్లో వచ్చే ముడిచమురు. తమిళనాడులో నేలమీది బావులు నాగపట్నం, తిరువారూరు, రామనాథపురం వైపు ఉన్నాయి. 2020లో వచ్చిన తమిళనాడు రక్షిత వ్యవసాయ మండల చట్టం కావేరీ డెల్టాలో కొత్త చమురు, గ్యాస్ అన్వేషణను, తవ్వకాన్ని నిషేధించింది. అప్పటికే నడుస్తున్నవి దాని పరిధిలోకి రావు. రైతుల భయం అకారణం కాదు. ఉప్పునీరు పొలంలోకి ఒకసారి పొర్లితే ఆ మట్టి కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది.

పాశర్లపూడి లాంటిది మళ్ళీ జరగదా?

1995 జనవరిలో అక్కడ మొదలైన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. కోనసీమవాళ్ళు ఇంకా మరచిపోలేదు, మరచిపోనక్కర్లేదు. అది తవ్వేటప్పుడు అదుపు తప్పిన బావి. ఉత్పత్తి దశలో కూడా ప్రమాదం సున్నా అని చెప్పను. అందుకే ఎప్పుడూ కనీసం రెండు స్వతంత్రమైన అడ్డులు ఉండాలన్న నియమం: ఒకటి పోతే ఇంకొకటి ఆపాలి. సముద్రపు బావుల్లోనూ, ప్రెషర్ ఎక్కువున్న చాలా బావుల్లోనూ నేలకు కొంత దిగువన ట్యూబింగ్‌లోనే సేఫ్టీ వాల్వు ఉంటుంది. పైన ట్రీ విరిగిపోయినా అది తనంతట తాను మూసుకుంటుంది. గ్రామంలో ఉన్నవాళ్ళు అడగాల్సింది ఒకటే: ఆ వాల్వును చివరిసారి ఎప్పుడు పరీక్షించారు?

కుళ్ళిన గుడ్డు వాసన వస్తే?

గాలికి అడ్డంగా నడుస్తూ, గాలి వచ్చే వైపుకు ఎగువకు వెళ్ళిపోండి. అది హైడ్రోజన్ సల్ఫైడ్ కావచ్చు. మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన ఆగిందంటే గ్యాస్ పోయిందని కాదు. పడిపోయిన మనిషి కోసం మాస్క్ లేకుండా పరుగెత్తకండి.

కొన్నేళ్ళకి ప్రవాహం ఆగిపోతే?

బావిలోకి గ్యాస్ ఎక్కించి ద్రవాన్ని తేలిక చేసే గ్యాస్ లిఫ్ట్, తల ఊపే రాడ్ పంపు, లేదా కరెంటుతో నడిచే మునిగే పంపు. ఇసుక ఎక్కువైతే గ్యాస్ లిఫ్ట్ మెరుగు, పంపులు ఇసుకకు త్వరగా అరుగుతాయి.

## ఈ పనిలోకి రావాలంటే

మా అమ్మాయి చెన్నైలో మెకానికల్ చదువుతోంది. ఇటు రావచ్చా?

తప్పకుండా. ఐఐటీ మద్రాసులో ఓషన్ ఇంజినీరింగ్ విభాగం పెట్రోలియంలో ఎంటెక్ ఇస్తుంది. విశాఖలో పెట్రోలియం చదువుల సంస్థ ఐఐపీఈ, కాకినాడ జేఎన్‌టీయూ మన దగ్గరున్నాయి. చదువుతో పాటు బావిని అదుపులో ఉంచడం నేర్పే వెల్ కంట్రోల్ సర్టిఫికెట్ అవసరం, ఐడబ్ల్యూసీఎఫ్ లేదా ఐఏడీసీది. రిగ్ మీద పద్నాలుగు రోజులు డ్యూటీ, పద్నాలుగు రోజులు సెలవు అన్నది చాలాచోట్ల ఉన్న పద్ధతి. ఆడపిల్లలు ఇప్పుడు ఫీల్డులో పనిచేస్తున్నారు. చేరే ముందు అక్కడ విడిగా గది, బాత్రూం ఉన్నాయా అని సూటిగా అడగమనండి. అడగడం తప్పు కాదు.

చెన్నై ఓఎంఆర్ రోడ్డులో ఆఫీసులో కూర్చునే డిజైన్ ఉద్యోగం సరిపోదా?

మంచి ఉద్యోగమే. కానీ మొదటి రెండు మూడేళ్ళలో కొన్నాళ్ళైనా బావి దగ్గర గడపండి. స్క్రీన్ మీద ట్యూబింగ్ ప్రెషర్ గీత కిందికి వంగితే అది పొర బలహీనపడటమో, బీన్ అరగడమో, గేజ్ లైన్లో నీళ్ళు నిలవడమో తేల్చాలి. గేజ్ విప్పి లైను ఊదించిన అనుభవం ఉన్నవాళ్ళు ఆ మూడోదాన్ని ముందు చూస్తారు.